వాన్ గో 'స్టారీ నైట్'లో నెలవంక తిరగబడి ఉందా? తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న

బొమ్మలమాస్టారు
అందరికీ నమస్తే. గోదావరి జిల్లాలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్లలకి వాన్ గో వేసిన 'ది స్టారీ నైట్' ప్రింటు గోడకి అంటించి చూపించాను. 1889 జూన్‌లో ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీ అనే ఊరి దగ్గర వేశాడనీ, తెల్లవారుజామున కిటికీలోంచి చూసిన ఆకాశమనీ చెప్పాను.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. వాళ్లింట్లో రెండు గేదెలు ఉన్నాయి. రోజూ నాలుగింటికే లేచి, పాలు పితికాక వాళ్ల నాన్న వెంట క్యాను పట్టుకుని పాలకేంద్రానికి వెళ్తుంది. "సార్, తెల్లారగట్ల చందమామ ఇలా ఉండడు. పొద్దు పొడిచే వైపుకి తిరిగి ఉంటాడు. ఇది సాయంత్రం చందమామ సార్" అంది.

క్లాసంతా నా వైపు చూసింది. ఇరవై రెండేళ్లుగా ఈ బొమ్మ చూపిస్తున్నాను, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. "చూసి చెబుతానమ్మా" అన్నాను. ఆ పిల్లకి సరైన జవాబు ఇవ్వాలి. ఆకాశం గురించి తెలిసినవాళ్లు, బొమ్మల గురించి తెలిసినవాళ్లు ఇద్దరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

ధ్రువతార
మాస్టారూ, ముందు ఆ అమ్మాయికి నా తరఫున క్లాసులో చప్పట్లు కొట్టించండి. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

చంద్రుడి వెలిగే అంచు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుంది. తెల్లవారుజామున తూర్పున నెలవంక కనిపించే సమయానికి సూర్యుడు ఇంకా నేల కిందే ఉంటాడు. అందుకే వెలుగు అంచు కింది వైపు ఉంటుంది. ఫ్రాన్స్ మనకన్నా బాగా ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ అది కిందికీ ఎడమకీ ఒరుగుతుంది. పైగా జూన్‌లో అక్కడ సూర్యుడు ఈశాన్యంలో ఉదయిస్తాడు, తూర్పు కిటికీలోంచి చూస్తే ఎడమ చేతి వైపు. బొమ్మలో చూడండి, నెలవంక వీపు కుడివైపు ఉంది. రాబోయే సూర్యుడికి పెడముఖం పెట్టినట్టు. అలాంటి నెలవంక సాయంత్రం పడమటి ఆకాశంలోనే కనబడుతుంది.

అసలు ఆ రోజుల్లో అక్కడ నెలవంకే లేదు. వాన్ గో తమ్ముడు థియోకి జూన్ 18 ప్రాంతంలో రాసిన ఉత్తరంలో చుక్కల ఆకాశం ఒకటి కొత్తగా వేశానని చెప్పాడు. ఆ తేదీల్లో చంద్రుడు సగం కన్నా ఎక్కువే ఉన్నాడు, తరుగుతున్నాడు.

పంచాంగం_పంతులు
ధ్రువతార గారి మాటకి నాదొక లెక్క జోడిస్తాను. 1889 జూన్ 28న సూర్యగ్రహణం వచ్చింది, అంటే ఆ రోజు అమావాస్య. అక్కడినుంచి వెనక్కి లెక్కేస్తే జూన్ 13న పౌర్ణమి. మన లెక్కలో విరోధి నామ సంవత్సరం, జ్యేష్ఠ మాసం. 18, 19 తేదీల్లో తెల్లవారుజామున బహుళ పంచమి, షష్ఠి నడుస్తున్నాయి. షష్ఠి నాడు సన్నటి నెలవంక ఎలా వస్తుంది? అమ్మాయికి తిథి లెక్క కూడా చెప్పండి మాస్టారూ, ఇలాంటి పిల్లలకి పట్టుబడుతుంది.

బొమ్మలమాస్టారు
ధన్యవాదాలండీ. అయితే ఆ బొమ్మలో ఆకాశం మొత్తం ఊహేనా? రేపు "అంతా కల్పనేనా సార్?" అని అడిగితే ఏం చెప్పను?

ధ్రువతార
కాదు, అక్కడే అసలు సంగతి ఉంది. నల్లటి సైప్రస్ చెట్టుకి కుడి పక్కన, కొండల మీద కాస్త ఎత్తులో, తెల్లటి వెలుగు చుట్టూ వలయాలుగా ఉన్న పెద్ద చుక్క కనబడుతోందా? అది శుక్రుడు. మన వేగుచుక్క.

జూన్ మొదట్లో థియోకి రాసిన ఉత్తరంలోనే వాన్ గో ఈ సంగతి చెప్పాడు. సూర్యోదయానికి చాలా ముందు కిటికీలోంచి పొలాల వైపు చూశాననీ, ఆకాశంలో వేగుచుక్క తప్ప ఇంకేమీ లేదనీ, అది చాలా పెద్దగా కనిపించిందనీ రాశాడు. ఆ నెలలో శుక్రుడు నిజంగానే తెల్లవారుజామున తూర్పున ధగధగ మెరుస్తున్నాడు. 1980లలో లాస్ ఏంజెలెస్‌లో కళాచరిత్ర చెప్పే ఆల్బర్ట్ బోయిమ్ అక్కడి గ్రిఫిత్ అబ్జర్వేటరీ వాళ్ల సాయంతో 1889 జూన్ ఆకాశాన్ని తిరిగి కట్టి చూశాడు. హార్వర్డ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు చార్లెస్ విట్నీ విడిగా ఇదే పని చేశాడు. శుక్రుడి విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. మిగతా చుక్కల దగ్గరే తేడా వచ్చింది. బోయిమ్ వాటిని మేషరాశి అన్నాడు, అంటే మన అశ్విని, భరణి ఉండే చోటు. విట్నీ ఒప్పుకోలేదు.

నా మటుకు నాకు ఆ చుక్కల్లో మేషం కనబడలేదు. చాలాసార్లు చార్టు పక్కన పెట్టుకుని చూశాను. పదకొండు చుక్కల్ని ఎలా కలిపితే అలా ఏదో ఒక రాశి వస్తుంది. శుక్రుడు మాత్రం శుక్రుడే.

కుంచెపట్టినచేయి
నేను ఫైన్ ఆర్ట్స్ చదివాను, ఇప్పుడు విశాఖలో పిల్లలకి పెయింటింగ్ నేర్పుతున్నాను. ఒక ముఖ్యమైన సంగతి మీరెవరూ ఎత్తలేదు. ఈ బొమ్మ కిటికీ దగ్గర కూర్చుని వేసింది కాదు.

వాన్ గో 1889 మే 8న తనంతట తానుగా సెయింట్ రెమీ దగ్గరి మానసిక చికిత్సాలయంలో చేరాడు. పాత మఠంలో నడిచే ఆస్పత్రి అది. పడక గది పై అంతస్తులో, తూర్పు వైపు ఊచల కిటికీతో ఉండేది. రంగులు వేసుకోవడానికి కింద ఇంకో గది ఇచ్చారు. అంటే చీకట్లో చూసింది మనసులో పెట్టుకుని, పగటిపూట కింది గదిలో వేశాడన్నమాట. ఆ కిటికీ దృశ్యాన్నే పొద్దున, ఎండలో, వానలో చాలాసార్లు వేశాడు. రాత్రి దృశ్యం మాత్రం ఇదొక్కటే.

ఊరి సంగతి కూడా చూడండి. ఆ కిటికీలోంచి ఊరు కనబడదు. కొండలు ఉన్నాయి, అవి ఆల్పీయ్ కొండలు. ఊరిని తెచ్చి కొండ కింద పెట్టాడు. మధ్యలో సన్నగా సూదిలా లేచిన చర్చి గోపురం దక్షిణ ఫ్రాన్స్‌లోది కాదు, తను పుట్టి పెరిగిన హాలండ్ ఊళ్లలో ఉండేలాంటిది. నాకైతే ఆ గోపురం చూసినప్పుడల్లా గుండె పట్టేసినట్టు ఉంటుంది. ఇంటికి దూరంగా, ఊచల వెనక ఉన్న మనిషి సొంతూరి గోపురం తెచ్చి అక్కడ నాటుకున్నాడు.

వెన్నెలగడప
చర్చ చాలా బాగుంది. నాదొక సందేహం. ఆ సుడులన్నీ మతిస్థిమితం లేని స్థితిలో కనిపించినవని చాలాచోట్ల చదివాను. అది నిజమా?

వార్డులో_రాత్రులు
నేను పద్నాలుగేళ్లుగా మానసిక వైద్య విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది.

తేదీలు చూడండి. 1888 డిసెంబర్‌లో చెవి కోసుకున్న సంఘటన. 1889 మేలో ఆస్పత్రిలో చేరాడు. జూన్‌లో ఈ బొమ్మ. జూలై మధ్యలో మళ్లీ తీవ్రంగా జబ్బు చేసింది, తర్వాత కొన్ని వారాలపాటు బొమ్మలు వేయలేకపోయాడు. అంటే జబ్బు తిరగబెట్టినప్పుడు బొమ్మలు ఆగిపోయాయి. ఒంట్లో బాగున్న రోజుల్లోనే వేశాడు. ఉత్తరాలు చదివితే ఎంత స్పష్టంగా ఆలోచిస్తున్నాడో తెలుస్తుంది. ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలి, ఏ బొమ్మ ఎప్పుడు పంపాలి, తపాలా ఖర్చు ఎంతవుతుంది, అన్నీ ఉంటాయి.

మా వార్డులో కూడా బొమ్మలు వేసేవాళ్లున్నారు. ఒకాయన రోజూ సాయంత్రం కిటికీ పక్కన కూర్చుని ఆస్పత్రి ఆవరణలోని వేపచెట్టు వేస్తాడు. కొమ్మకి కొమ్మ సరిగ్గా వేస్తాడు. బాగాలేని రోజు పెన్సిల్ ముట్టుకోడు. జబ్బు బొమ్మ వేయదండీ, మనిషి వేస్తాడు.

వెన్నెలగడప
మీరు చెప్పాక ఇంకెప్పుడూ ఆ మాట అననండి. థాంక్యూ.

ధ్రువతార
కుంచెపట్టినచేయి గారు పగటిపూట వేశాడని చెప్పారు కదా, దానికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఒకటుంది. అంతకు తొమ్మిది నెలల ముందు, 1888 సెప్టెంబర్‌లో, ఆర్ల్ ఊళ్లో రోన్ నది ఒడ్డున వేసిన చుక్కల రాత్రి. ఇప్పుడు ప్యారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. దాన్ని రాత్రిపూటే, గ్యాస్ దీపం కింద నిలబడి వేశానని తనే తమ్ముడికి రాశాడు.

ఎదురుగా చూసి వేసిన బొమ్మలో ఆకాశం తప్పు! అందులో నడినెత్తిన సప్తర్షి మండలం ఎంత స్పష్టంగా ఉందంటే ఏడు చుక్కలూ లెక్కపెట్టొచ్చు. కానీ ఆ ఒడ్డున నిలబడి అలా ఊరి వైపు, నది మలుపు వైపు చూస్తే మనం చూసేది నైరుతి. సప్తర్షులు ఉండేది ఉత్తరాన, చిత్రకారుడి వీపు వెనక. వెనక్కి తిరిగి చూసి, ఆ ఏడు చుక్కల్నీ తెచ్చి ముందున్న ఆకాశంలో పెట్టాడు.

బొమ్మలమాస్టారు
ఇది నాకు అస్సలు తెలియదు. ఎందుకలా చేసి ఉంటాడంటారు?

కుంచెపట్టినచేయి
బొమ్మలోనే జవాబు ఉంది మాస్టారూ. కింద నీళ్లలో గ్యాస్ దీపాల నీడలు పొడుగ్గా, ముదురు బంగారు రంగులో జారుతున్నాయి. పైన సప్తర్షులు లేత ఆకుపచ్చ, గులాబీ రంగుల్లో మినుకుమంటున్నాయి. తమ్ముడు థియోకి రాసిన ఉత్తరంలో ఈ తేడా గురించే చెప్పాడు. గ్యాస్ దీపాల మొరటు బంగారం ఎదుట సప్తర్షుల వెలుగు ఎంత నెమ్మదిగా ఉందో అని. ఆ పోలిక కుదరాలంటే రెండూ ఒకే చట్రంలో ఉండాలి. దీపాలు ఊరితో పాటు నైరుతిలో ఉన్నాయి, వాటిని కదపలేడు. చుక్కల్ని కదిపాడు.

చుక్కల రంగుల మీద ఆయనకి ఎంత పట్టింపో చెప్పాలి. అదే నెలలో చెల్లెలు విల్‌కి రాస్తూ, రాత్రి అనేది పగటికన్నా రంగులమయం అనీ, కొన్ని చుక్కలు నిమ్మపండు రంగులో, కొన్ని గులాబీ, ఆకుపచ్చ, నీలం వెలుగులో ఉంటాయనీ చెప్పాడు. నలుపు ముట్టుకోకుండా రాత్రిని వేశానని కూడా రాశాడు. మా పిల్లలకి రాత్రి వేయమంటే ముందు నల్ల ట్యూబు తీస్తారు. నేను ఆ ట్యూబు దాచేస్తాను.

ధ్రువతార
చుక్కలకి రంగులుంటాయన్నది కవిత్వం కాదు. ఊరి దీపాలకి దూరంగా వెళ్లి, పావుగంట కళ్లని చీకటికి అలవాటు పడనిచ్చి చూడండి. జ్యేష్ఠ ఎర్రగా, స్వాతి నారింజ పండులా, అభిజిత్తు నీలి తెలుపులో కనబడతాయి. వేడి ఎక్కువున్న చుక్క నీలంగా, తక్కువున్నది ఎర్రగా ఉంటుంది. హైదరాబాద్‌లో మా మేడ మీద ఇవేవీ తెలియవు, అన్నీ ఒకే మసక తెలుపు. వికారాబాద్ దాటి వెళ్లినప్పుడు మాత్రం స్వాతిని చూసి మా అబ్బాయి "నాన్నా, దీపం!" అన్నాడు.

అట్లాంటిక్ఆవల
న్యూజెర్సీ నుంచి. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడల్లా న్యూయార్క్ మోమా మ్యూజియంకి తీసుకెళ్లడం నా డ్యూటీ. 1941 నుంచి బొమ్మ అక్కడే ఉంది. ఫోన్లు పైకెత్తి నిలబడ్డ జనం మధ్యలోంచి దూరి ముందుకి వెళ్లాలి. మొదటిసారి వెళ్లినప్పుడు చిన్నదిగా ఉందే అనిపించింది. 73.7 సెంటీమీటర్ల ఎత్తు, 92.1 వెడల్పు. మన ఇంట్లో గోడ క్యాలెండర్లు రెండు పక్కపక్కన పెడితే దాదాపు అంతే.

పోయిన డిసెంబర్‌లో మంచు పడుతున్న రోజున తలుపులు తీయగానే వెళ్లాను. ఐదు నిమిషాలు దాదాపు ఒంటరిగా చూడటానికి దొరికింది. ప్రింటులో కనిపించనిది చెబుతాను. వేగుచుక్క దగ్గర తెల్ల రంగు గట్టిగా, వెన్న తీసి చాకుతో రాసినట్టు లేచి ఉంది. పక్కనుంచి చూస్తే ఆ గట్ల నీడ కూడా పడుతుంది. కానీ అంతా అలా ముద్దగా లేదు. కొండల అంచుల్లో, గీతకీ గీతకీ మధ్య ఖాళీ కాన్వాసు గుడ్డ గోధుమ రంగులో కనబడుతుంది. రంగు పూయకుండా వదిలేశాడు. అది చూశాక ఎంత వేగంగా వేశాడో చేతికి తెలిసినట్టు అనిపించింది.

రంగులపెట్టె
ఆ చందమామ పసుపు మీద నాదొక మాట. పరీక్షల్లో ఆకాశానికి అల్ట్రామెరైన్, కోబాల్ట్ నీలాలు, చుక్కలకీ చందమామకీ జింక్ ఎల్లోతో పాటు ఇండియన్ ఎల్లో వాడినట్టు తేలింది. ఈ ఇండియన్ ఎల్లో మన దేశం నుంచే యూరప్‌కి వెళ్లేది. 1883లో త్రైలోక్యనాథ్ ముఖర్జీ అనే ఆయన బీహార్‌లోని ముంగేర్ దగ్గర పల్లెకి వెళ్లి, ఆవులకి మామిడాకులు మాత్రమే మేపి, వాటి మూత్రాన్ని కాచి, మిగిలిన ముద్దని ఉండలు చేసి ఎలా అమ్ముతున్నారో రాశాడు. ఆ ఆవులు బక్కచిక్కి ఉన్నాయని కూడా రాశాడు. బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆవులు కూడా గుర్తొస్తాయి.

ప్రవాహం
మెకానికల్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ చెబుతాను. ఈ బొమ్మ గురించి మా వాళ్లలో ఒక పెద్ద వాదన నడుస్తోంది. రష్యన్ గణిత శాస్త్రజ్ఞుడు కల్మోగొరోవ్ 1941లో ఒక సూత్రం ఇచ్చాడు. అల్లకల్లోలంగా పారే నీటిలోనో గాలిలోనో పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్నవిగా విడిపోతూ శక్తిని ఒక లెక్క ప్రకారం పంచుకుంటాయి. 2006లో కొందరు భౌతిక శాస్త్రజ్ఞులు ఈ బొమ్మలో వెలుగు చీకట్ల హెచ్చుతగ్గులు ఆ లెక్కకి దగ్గరగా ఉన్నాయన్నారు. 2024లో చైనా, ఫ్రాన్స్ పరిశోధకులు ఆకాశంలోని 14 సుడుల్ని కొలిచి 'ఫిజిక్స్ ఆఫ్ ఫ్లూయిడ్స్' పత్రికలో అదే మాట గట్టిగా చెప్పారు. పేపర్లన్నీ 'వాన్ గోకి ఫిజిక్స్ తెలుసు' అని రాసేశాయి.

నేను ఒప్పుకోను. అభ్యంతరం చెప్పిన ప్రవాహ శాస్త్రజ్ఞుల వైపే నేనున్నాను. కల్మోగొరోవ్ లెక్క కదిలే ద్రవం వేగాల గురించి. ఎండిన రంగు మీద వెలుగుని కొలిచి దాన్ని వేగం అనుకోకూడదు. ఆకాశంలో అలాంటి సుడులు కంటికి కనబడవు కూడా.

అయితే ఆయన నీళ్లని బాగా చూశాడని మాత్రం నమ్ముతాను. ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కింద నురగ చూడండి. పెద్ద సుడి పక్కనే దానికి ఎదురు తిరిగే చిన్న సుడి పుడుతుంది, రెండింటి మధ్య నురగ ఎస్ ఆకారంలో సాగుతుంది. బొమ్మ మధ్యలో సరిగ్గా అదే ఉంది. దానికి సూత్రం అక్కర్లేదు, గట్టు మీద అరగంట కూర్చోగల ఓపిక చాలు.

ధ్రువతార
బాగా చెప్పారు. ఆ సుడి మీద ఇంకో ఊహ కూడా ఉంది. ఐర్లండ్‌లో లార్డ్ రోస్ అనే ఆయన 1845లో తన భారీ టెలిస్కోపుతో సుడి ఆకారపు నెబ్యులాని చూసి బొమ్మ గీశాడు. ఇప్పుడు దాన్ని వర్ల్‌పూల్ గెలాక్సీ అంటాం. ఆ బొమ్మ ఫ్రాన్స్‌లో ఫ్లమరియాన్ రాసిన ఖగోళ పుస్తకాల ద్వారా జనంలోకి వెళ్లింది. పక్కపక్కన పెడితే పోలిక ఉంది. పోలిక ఉన్నంత మాత్రాన చూసి వేశాడనలేం.

మాస్టారూ, మీ అమ్మాయికి ఇది తప్పకుండా చెప్పండి. స్టారీ నైట్ తర్వాత నెల తిరగకుండానే, అదే ఆస్పత్రి ఆవరణ పక్క పొలంలో ఇంకో చందమామని వేశాడు. కోసి పెట్టిన గోధుమ కుప్పలు, వెనక కొండ, కొండ అంచున సగం దాక్కున్న నారింజ రంగు బింబం. చాలాకాలం దాన్ని సూర్యాస్తమయం అనుకున్నారు. టెక్సస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ ఓల్సన్ బృందం అక్కడికి వెళ్లి, బొమ్మలో ఉన్న ఇల్లూ, ముందుకు పొడుచుకొచ్చిన కొండ అంచూ వెతికి పట్టుకుని దిక్కు కొలిచారు. లెక్కలో రెండు తేదీలు వచ్చాయి, ఒకటి మేలో, ఒకటి జూలైలో. పైరు పండి కోతయిపోయి ఉంది కాబట్టి మే కాదు. 1889 జూలై 13, రాత్రి 9 గంటల 8 నిమిషాలు. నిమిషంతో సహా!

కుంచెపట్టినచేయి
చూశారా. జూన్‌లో చంద్రుణ్ణి తిప్పేసిన మనిషి, జూలైలో నిమిషం తప్పకుండా పెట్టాడు. చేతకాక కాదు. ఏ బొమ్మకి ఏం కావాలో దాన్నిబట్టి నడిచాడు.

బొమ్మలమాస్టారు
మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇవన్నీ ప్రింటు తీసుకుని నిన్న క్లాసుకి వెళ్లాను. ముందు చప్పట్లు కొట్టించాను. ఆ అమ్మాయి తల దించుకుని బెంచీ మీద గోటితో గీస్తూ కూర్చుంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇంకో సంగతి చదివాను, అదీ చెప్పాను. వాన్ గోకే ఈ బొమ్మ నచ్చలేదు. తమ్ముడు థియోకీ పెద్దగా ఎక్కలేదు. శైలి కోసం పాకులాడితే అసలు అనుభూతి పోతుందని అక్టోబర్‌లో రాశాడు. నవంబర్‌లో వాన్ గో బెర్నార్ అనే స్నేహితుడికి రాస్తూ, మరీ పెద్ద పెద్ద చుక్కల వెంటపడ్డాననీ, ఇది మరో వైఫల్యమనీ ఒప్పుకున్నాడు. పిల్లలు నమ్మలేదు. "ఇంత బాగుంటే ఫెయిలేంటి సార్?" అని గొడవ చేశారు.

తర్వాత అమ్మాయికి ఒక పని ఇచ్చాను. ఇదే బొమ్మని మళ్లీ వెయ్యి, చందమామని మాత్రం నువ్వు రోజూ చూసేట్టు సరిగ్గా పెట్టు అన్నాను. ఈ పొద్దున ప్రేయర్‌కి ముందే స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతిలో చార్టు చుట్ట. వెలుగు అంచు కింద ఎడమకి తిప్పి, చక్కగా వేసింది. క్రేయాన్స్ అరిగిపోయేలా నీలం దిద్దింది.

"సార్, ఇలా వేస్తే కరెక్టే. కానీ ఈ మూల ఊరుకోవడం లేదు" అంది. ఏమిటమ్మా అన్నాను. కుడివైపు పై మూల మీద వేలు పెట్టి చూపించింది. "సుడులన్నీ ఎడమనుంచి వస్తున్నాయి కదా సార్. ఆయన చందమామ వీపు అడ్డం పెట్టి ఆపాడు. నేను తిప్పేసరికి అవన్నీ కాయితం దాటి బయటికి పోతున్నాయి."

నేను నా ప్రింటు తెచ్చి పక్కన పెట్టాను. ఇద్దరం చాలాసేపు చూశాం. గంట కొట్టేశారు.

ధ్రువతార
మాస్టారూ, ఆ చార్టు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. తప్పకుండా.

కుంచెపట్టినచేయి
ఐదేళ్లు ఫైన్ ఆర్ట్స్ చదివాను. ఆ మూల గురించి నాకెవరూ చెప్పలేదు, నేనూ చూడలేదు. అమ్మాయికి మంచి ఆయిల్ పేస్టల్స్ డబ్బా పంపిస్తాను, స్కూలు అడ్రసు నాకు విడిగా మెసేజ్ చేయండి.

పంచాంగం_పంతులు
వచ్చే బహుళ త్రయోదశి నాడు తెల్లవారుజామున ఆకాశం నిర్మలంగా ఉంటే నెలవంక బాగా కనబడుతుంది. పాలకేంద్రానికి వెళ్లేటప్పుడు చూసుకోమని చెప్పండి.

బొమ్మలమాస్టారు
చెప్పానండి. ఆ రోజు నేనూ నాలుగింటికి లేచి వాళ్ల వీధి చివరకి వస్తానన్నాను. చార్టు ఫోటో రేపు పెడతాను.